రాతిపెదవులకు నంబర్లు

ఫిబ్రవరి 4

బావగారికి,

రాళ్ల మధ్య నుంచి మీ బావమరిది పెట్టుకునే నమస్కారాలు.

ముందుగా అక్కకు చెప్పండి, నేను బతికే ఉన్నాను. ఇక్కడ ఫోను పలకదని నేను చెబితే తను నమ్మదు. మీరు చెబితే నమ్ముతుంది, మీరు ఆఫీసు భాషలో చెబుతారు కాబట్టి. నీళ్ల ట్యాంకరు వారానికోసారి వస్తుంది. ఆ డ్రైవరే మాకు పోస్ట్‌మ్యాన్, కిరాణా కొట్టు, వార్తాపత్రిక. ఆయన మర్చిపోతే ఆ వారం ప్రపంచంలో ఏమీ జరగనట్టే లెక్క.

ఉండటానికి ఒక రేకుల షెడ్డు. మంచం, స్టవ్వు, నాకు ముందు పనిచేసినవాడు వదిలేసిన పగిలిన అద్దం. ఫోటో స్టూడియో మూతపడ్డాక నేను ఏ పనికీ పనికిరానని ఇంటిల్లిపాదీ తేల్చేసినప్పుడు, మీరు పూనుకుని ఇప్పించిన ఉద్యోగమిది. తాత్కాలిక కాపలాదారు. దేనికి కాపలా అని బంధువులు అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. చూసేవాళ్లకు ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు.

మీరు ఫైలులో తప్ప చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. రాతిపెదవి అంటే రెండు లావాటి ఆకులు, మధ్యన ఒక చీలిక. అంతే మొక్క. రంగు, గరుకు, ఆఖరికి మచ్చలు కూడా చుట్టూ ఉన్న గులకరాళ్లవే. ఏడాది పొడుగునా నోరు మూసుకుని రాయిలా పడి ఉంటుంది. చలి మొదట్లో మాత్రం ఆ చీలికలోంచి ఒక తెల్లని పువ్వు లేచి నాలుగైదు మధ్యాహ్నాలు విచ్చుకుంటుంది. మళ్లీ రాయి. నేను చేరింది ఆ రోజుల్లో కాబట్టి ఎక్కడెక్కడ ఉన్నాయో చూడగలిగాను, పక్కన ఇటుకముక్కలు పెట్టుకున్నాను. ఈ కొండ వాలు మీద తప్ప ఇంకెక్కడా లేవని మీ ఫైలే అంటోంది కదా.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న పొద్దున్నే వెళ్లి చూస్తే కింది వరసలో గుంటలున్నాయి. చెంచాతో తవ్వినంత శుభ్రంగా. దూర దేశాల్లో వీటిని కిటికీ గట్టు మీద పెట్టుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నారట, ట్యాంకరు డ్రైవరును ఎవరో వచ్చి ఆరా తీశారట. పోలీస్ స్టేషనుకు పోయాను.

"ఏం పోయాయి?" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"మొక్కలండీ."

"కలపా?"

"కాదండీ. చిన్న మొక్కలు. రాళ్లలా ఉంటాయి."

"మరి పోయినవి రాళ్లు కావని నీకెవరు చెప్పారు?"

నేను నోరు తెరిచేలోగా, "పోనీ, ఎన్ని ఉండేవి?" అన్నాడు.

"చాలా ఉండేవండీ."

"చాలా అంటే లెక్క కాదయ్యా. కోళ్లు పోయాయని వచ్చేవాడు కూడా ఇన్ని కోళ్లని చెప్పి ఏడుస్తాడు."

ఆయన మాటలో తప్పు లేదనిపించింది. అందుకే అడుగుతున్నాను. వీటిని లెక్కపెట్టి ఉంచుకోవడానికి మీ ఆఫీసు ఏదైనా ఉపాయం చెప్పగలదా? ఉన్నవి ఇన్ని అని ఒక కాగితం ఉంటే, పోయినవి ఇన్ని అని చెప్పుకోవచ్చు.

ఇంకొక మనవి. ఇక్కడికి గాలి తప్ప చుట్టమెవరూ రారు. వచ్చినప్పుడు కూర్చోమనడానికి ఒక కుర్చీ పంపించండి.

మీ బావమరిది


ఫిబ్రవరి 20

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం చేరిన రోజు నుంచీ మీ అక్క కాస్త నిదానించిందని తెలియజేస్తూ, ఆశీస్సులు.

విషయం: ఒకటి, కుర్చీ. రెండు, మొక్కల లెక్క.

కుర్చీ విషయంలో ఫర్నిచరు విభాగానికి రాశాను. సందర్శకుల నిమిత్తం అని కారణం చూపాను. గాలి అని రాయలేదు. ఒక ఇనుప కుర్చీ మంజూరైంది. ఈ ట్యాంకరులో వస్తుంది. చేరినట్టు సంతకం చేసి పంపగలవు.

రెండవ విషయంలో మా మొక్కల విభాగం పరిస్థితి నీకు తెలియాలి. మా కార్యాలయంలో జంతు విభాగానికి రెండు అంతస్తులు, ఒక జీపు, ఒక ఫోటోగ్రాఫరు ఉన్నారు. మొక్కల విభాగానికి నేనున్నాను. నా బల్ల మూత్రశాల పక్కన ఉన్నందువల్ల కార్యాలయ సిబ్బంది అందరితోనూ నాకు పరిచయముంది. కిందటి వారం ఓడరేవులో చిలుకలు పట్టుబడ్డాయి. విలేకరులు వచ్చారు. అదే లారీలో నాలుగు అట్టపెట్టెల అడవి మొక్కలు కూడా దొరికాయి. చిలుకల పంజరం ఎత్తుగా కనిపించడానికి ఆ పెట్టెలు కింద వేసి ఫోటోలు తీశారు. సమావేశం ముగిశాక క్యాంటీను వాడు వచ్చి, "సార్, ఈ ఆకులు కూరకు పనికొస్తాయా?" అని అడిగాడు. మొక్కల గురించి ఆ రోజు అడిగిన ప్రశ్న అదొక్కటే.

ఇందుకు కారణం నాకు తెలుసు. చిలుకకు కళ్లుంటాయి. అది మనవైపు చూస్తుంది. మొక్క చూడదు. చూడని దాని మీద జాలి పుట్టించడానికి కార్యాలయానికి సంఖ్య ఒక్కటే దారి. అందువల్ల నీ ఉత్తరం చదవగానే నాకొక ఆలోచన వచ్చింది. మా పెద్దసారుకు వివరించాను. ఆయన పదేళ్లలో మొదటిసారి నన్ను కూర్చోమన్నారు.

ప్రతి మొక్కకూ ఒక నంబరు పలక. స్టీలుది. అగ్గిపెట్టె సైజు, మేకుతో సహా. పైన కార్యాలయ ముద్ర, కింద నంబరు. నంబరున్న వస్తువు పోదు. పోయినా దొరుకుతుంది. ఇది నా ముప్పై ఏళ్ల అనుభవం. మా కార్యాలయంలో ఇంతవరకు పోయినవన్నీ నంబరు లేనివే.

పలకలు తయారవుతున్నాయి. ఎన్ని కావాలో తిరుగు ట్యాంకరులో తెలుపు.

మీ అక్క స్వెట్టరు పంపుతోంది. నీ కొలతలు మారలేదని ఆశిస్తోంది.

బావ


మార్చి 29

బావగారికి,

నాలుగు వందల పన్నెండు పలకల సాక్షిగా నమస్కారాలు.

కుర్చీ వచ్చింది బావా. నేను సరదాకి రాశాను. ఇనుప కుర్చీ ట్యాంకరు నెత్తి మీద తాళ్లతో కట్టి వస్తుంటే డ్రైవరు దారంతా నవ్వాడట. "మీ బావగారితో వేళాకోళం ఆడకయ్యా, ఏనుగు అడిగితే ఏనుగునే పంపేలా ఉన్నారు" అన్నాడు. షెడ్డు ముందు వేశాను. గాలికి రెండుసార్లు పడింది, కాబట్టి వాడుకలో ఉన్నట్టే.

పలకలన్నీ కొట్టేశాను. మోకాళ్ల చర్మం ఊడింది కానీ అబద్ధమెందుకు, గర్వంగా ఉంది. ప్రతి ఉదయం ఒకటి నుంచి చివరిదాకా హాజరు తీసుకుంటున్నాను. ఎవరూ గైర్హాజరు కావడం లేదు. మీరు చెప్పినట్టు నంబరు పడ్డాక నాకే వాటి మీద గౌరవం పెరిగింది. నూట ఏడు కొంచెం ముడుచుకుని ఉంటుంది. మూడు వందల నలభై పక్కన రెండు పిల్లలున్నాయి, గోరంత.

పెద్దసారు తనిఖీకి వచ్చారు. జీపు దిగలేదు, కిందనుంచే చూశారు. ఎండలో వాలంతా మెరుస్తుంటే, "అద్భుతం. రోడ్డు మీదనుంచే కనిపిస్తున్నాయి" అన్నారు. వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు చాలా ఫోటోలు తీశాడు.

ఆ మాట విన్నాక ఒక చిన్న సందేహం. ఇవి ఇన్నాళ్లూ బతికింది కనిపించకుండా ఉండటం వల్ల. ఎండలోనూ చలిలోనూ అదొక్క విద్యే నేర్చుకున్నాయి. ఇప్పుడు రోడ్డు మీదనుంచి కనిపిస్తున్నాయి. ఇది మంచిదేనా? మీరు ఆలోచించే చేసి ఉంటారు. నేను ఫోటోలు తీసుకునేవాణ్ణి, నాకు మెరిసేవన్నీ బాగానే కనబడతాయి.

అక్క స్వెట్టరు సరిపోయింది. చేతులు కాస్త పొడుగు. చెప్పకండి.

మీ బావమరిది


ఏప్రిల్ 14

చిరంజీవి బావమరిదికి,

హాజరు పట్టిక చూసి కలిగిన సంతోషంతో ఆశీస్సులు.

విషయం: సందేహ నివృత్తి.

నీ సందేహాన్ని పెద్దసారు దృష్టికి తీసుకువెళ్లాను. కనిపించని దాన్ని రక్షించినట్టు రుజువు చేయడం కష్టమని ఆయన అభిప్రాయపడ్డారు. నేను ఏకీభవించాను. ఏకీభవించడం నా హోదాలో ఉన్న సౌకర్యాలలో ఒకటి.

ఆయన నంబరు పలకల పథకం మీద మూడు ఊళ్లలో ఉపన్యాసమిచ్చారు. మీ వాలు ఫోటో తెరనిండా వేసి చూపించారు. హాలులో చప్పట్లు. ఉపన్యాసం తర్వాత పలువురు వచ్చి స్థలం ఎక్కడని ఆసక్తిగా అడిగారని, ఆయన ఓపికగా అందరికీ దారి చెప్పారని తెలిసింది.

పథకం విజయవంతమైనందున క్షేత్ర సిబ్బందికి అప్రమత్తతపై శిక్షణ ఇవ్వాలని నిర్ణయించాం. క్షేత్ర సిబ్బంది అంటే నువ్వే. మే మొదటి వారంలో నాలుగు రోజులు. హాజరు తప్పనిసరి. మీ అక్క ఇప్పటినుంచే నీ గది ఊడుస్తోంది.

బావ


మే 11

బావా,

శిక్షణ నుంచి తిరిగి వచ్చాను. వాలు మీద ఒక్క మొక్క లేదు. ఒక్క పలక కూడా లేదు. నూట ఏడు లేదు. మూడు వందల నలభై పక్కనున్న గోరంత పిల్లలను కూడా వదల్లేదు.

కుర్చీ ఉంది.

పోలీసులకు లెక్కతో సహా చెప్పాను. లెక్క బాగుందన్నారు.


మే 31

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు.

విషయం: పట్టుబడిన మొక్కలు, తత్సంబంధమైన వివరణ.

మొదట శుభవార్త. ఓడరేవు పార్శిలు గదిలో బొమ్మల ఎగుమతి వ్యాపారి ఒకడి పెట్టెలు తెరిచారు. పైన గుడ్డ ఎలుగుబంట్లు, కింద పిల్లల మేజోళ్లు. ఒక్కో మేజోడులో ఒక్కో రాతిపెదవి. ప్రతి దానితోనూ మన పలక. సగానికి పైగా దొరికాయి. మిగిలినవి అంతకుముందు ఓడలోనే వెళ్లిపోయాయని వ్యాపారి చెప్పాడు. నంబరున్న వస్తువు పోయినా దొరుకుతుందని నేను ఫిబ్రవరిలో రాసిన మాట ఈ విధంగా నిజమైంది. ఇది రాస్తున్నప్పుడు నా చేతికి సంతోషం కలగలేదు.

పలకలు ఎందుకు తెచ్చావని అడిగితే వ్యాపారి చెప్పిన సమాధానాన్ని రికార్డు చేశాం. "సార్, తోటలో పెంచిన మొక్కకు అంత గిరాకీ లేదు. అడవిదే కావాలంటారు. అడవిదే అని మేం చెబితే నమ్మరు. ఇప్పుడు మీ ముద్ర ఉంది కదా. పలకతో ఉన్నదాన్ని కళ్లకద్దుకుని కొంటున్నారు" అన్నాడు. పెద్దసారు ఇది విని, ముద్ర స్పష్టంగా పడిందా అని అడిగారు.

ఇక రెండో సంగతి. ఇది రాయవలసింది నేను కాదు, కానీ మొక్కల విభాగంలో నేను తప్ప ఇంకొకరు లేరు. పలకల మేకులు వంగలేదు, విరగలేదు. పద్ధతిగా ఊడదీసినట్టు ఉన్నాయి. ఊడదీసే పనిముట్టు కార్యాలయం ఒకే ఒక్కరికి ఇచ్చింది. నీకు. దొంగతనం జరిగిన నాలుగు రోజులూ వాలు మీద ఎవరూ ఉండరన్న సంగతి కూడా మనిద్దరికే తెలుసు. కాబట్టి నీ సంజాయిషీని పదిహేను రోజుల్లో పంపవలసినదిగా కోరడమైనది.

మీ అక్క ఈ ఉత్తరాన్ని నా భుజం మీదుగా చదివింది. ప్రస్తుతం ఇంట్లో లేదు. మీ పిన్ని ఇంటికి వెళ్లింది.

బావ


జూన్ 9

పర్యవేక్షకులవారి సమక్షానికి,

తాత్కాలిక కాపలాదారు సమర్పించుకునే సంజాయిషీ.

ఇది గులకనేల. ఇందులో దిగ్గొట్టిన మేకు రెండు వేళ్లతో పట్టి లాగితే వస్తుంది. పనిముట్టు అక్కర్లేదు. మీరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇక్కడికి వచ్చి వంగి ఉంటే ఈ ప్రశ్న రాసేవారు కాదు. నాలుగు రోజులు ఎవరూ ఉండరన్న సంగతి మనిద్దరికే కాదు. మీరు శిక్షణ నోటీసు కార్యాలయం గేటుకు అంటించారు. నేను లోపలికి వస్తూ చదువుకున్నాను.

సంజాయిషీ అయిపోయింది. ఇది బావకు.

మీ పెళ్లిలో మీ చెప్పులు దాచింది నేనే. ఆ పూట మీరు నన్ను దొంగ అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు.

నా మీద నమ్మకం లేకపోతే పోనీ. మొక్కలను పంపించండి. వేర్లు నేల వదిలినా ఇవి కొన్ని వారాలు ముడుచుకుని ఓర్చుకుంటాయి. ఏది ఎక్కడిదో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. గుంటలు కూడా పూడ్చలేదు, అలాగే ఉంచాను. ఇంకా ఆలస్యం కాకముందే నాటితే సగమన్నా నిలుస్తాయి.

అదీ కుదరదంటారా? నేను మళ్లీ అమ్ముకుంటానని భయమా? అయితే మీ ఆఫీసులోనే ఉంచుకోండి. వరండాలో వరసగా కుండీలు పెట్టించి, పూటకో చెంబు నీళ్లు పోయించి, పక్కన కుర్చీ వేసుకుని మీరే కాపలా కూర్చోండి. మీకంటే నమ్మకమైన మనిషి వాటికి ఎక్కడ దొరుకుతాడు.

అక్కను ఇంటికి రమ్మని నా మాటగా చెప్పండి.

కాపలాదారు


జూలై 12

చిరంజీవి బావమరిదికి,

క్షమాపణతో కూడిన ఆశీస్సులు.

విషయం: ఒకటి, సంజాయిషీ ఆమోదం. రెండు, నీ సూచనల అమలు.

నోటీసు గేటుకు అంటించిన మాట వాస్తవం. అంటించమని సంతకం చేసింది నేనే. నీ మీద విచారణ మూసివేశాను. మూసివేసే కాగితంలో కారణం రాయడానికి స్థలం ఒక గీత మాత్రమే ఉంది. అందులో "పొరపాటు" అని రాశాను. ఎవరిదని రాయడానికి స్థలం లేదు. ఇక్కడ రాస్తున్నాను. నాది.

మొక్కలను తిరిగి పంపడం కుదరలేదు. అవి కోర్టు కేసులో సాక్ష్యాధారాలు. కేసు పూర్తయ్యేవరకు కదిలించరాదు. ఆ మాట నీకెలా రాయాలా అని తటపటాయిస్తుండగా, నీ ఉత్తరంలోనే దారి దొరికింది.

కుండీలు కొనిపించాను. జంతు విభాగం వాళ్లు అడ్డు చెప్పినా వినకుండా వరండా మొత్తం ఆక్రమించాను. ఉద్యోగంలో నేను చేసిన మొదటి ఆక్రమణ. నువ్వు చెప్పినట్టే పూటకో చెంబు. ఉదయం నేను, సాయంత్రం క్యాంటీను అబ్బాయి, సెలవు రోజుల్లో నేనే రెండు పూటలూ. వంతుల పట్టిక గోడకు పెట్టాను. కుర్చీ కూడా వేసుకున్నాను.

నీకొక సంగతి చెప్పాలి. ఇన్నేళ్లలో మొక్కల విభాగంలో నేను ఒక మొక్కను ఇంత దగ్గరగా చూడలేదు. రోజూ పొద్దున్నే వాటి మధ్య చెంబు పట్టుకుని నిలబడితే, ఈ ఉద్యోగం ఎందుకున్నదో నాకు మొదటిసారి అర్థమైనట్టుంది. నీ నూట ఏడు ఇక్కడే ఉంది. నువ్వు ముడుచుకుని ఉంటుందన్నావు. ఇప్పుడలా లేదు. అన్నీ చక్కగా ఉబ్బి, నిగనిగలాడుతున్నాయి. మీ అక్క వచ్చి చూసి, "వాడు చూస్తే ఎంత సంతోషిస్తాడో" అంది. ఇంటికి వచ్చేసింది.

బావ


జూలై 27

బావగారికి, నమస్కారాలు.

ఉబ్బాయన్న మాట చదివి ట్యాంకరు ఆపించి టౌనుకు పోయాను. ఫోను చేస్తే మీరు సమావేశంలో ఉన్నారన్నారు. ఇంటికి చేశాను. అక్క ఎత్తింది. "కొన్ని మెత్తబడ్డాయిరా. మీ బావ నీళ్లు సరిపోవట్లేదేమోనని ఇంకో చెంబు పెంచారు" అంది.

"రెండు రోజుల నుంచి ఆయన తినడం లేదు, ఏమన్నా చెప్పు" అంది. నీళ్లు ఆపమను అని చెప్పాను. అప్పటికి ఆపడానికి ఏమీ మిగల్లేదని ఆ తర్వాత వచ్చిన మీ చీటీ చూశాక తెలిసింది.

ఇవి వాన పడని నేల మొక్కలు. ఏడాదికి రెండు మూడు జల్లులు, తెల్లవారుజామున కొంచెం మంచు. అంతకు మించి తాగితే చిట్లి కుళ్లిపోతాయి. నేను రాసింది వెటకారం బావా. కోపంలో రాశాను. కుర్చీ అడిగితే కుర్చీ పంపిన మనిషికి వెటకారం రాయకూడదని నాకు అప్పటికే తెలియాలి.

మీరు దొంగ అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు. మీరు వాటిని ప్రేమగా చంపారు. నేను మీకు ఉపాయం చెప్పాను. మేజోళ్లలో చుట్టినవాడు ఒక్క మొక్కకు కూడా గీటు పడనివ్వలేదు.

ట్యాంకరులో ఇంకో కవరు వచ్చింది. నంబరు పలకల పథకం విజయవంతమైనందుకు నా ఉద్యోగాన్ని పర్మనెంటు చేశారట. అరవై ఏళ్లు వచ్చేవరకు ఈ వాలును కాపాడాలి.

అక్క సంతోషించి ఉంటుంది. సంతోషించనివ్వండి.

మీ బావమరిది


అక్టోబరు 21

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు.

విషయం: పలకల పునఃప్రతిష్ఠ, పెద్దసారు తనిఖీ.

కోర్టులో కేసు కొట్టివేశారు. సాక్ష్యాధారాలు చూపమన్నారు. మూడు బస్తాల మట్టి, దానిలో కలిసిపోయిన ఆకులు చూపించాం. ఇవి మొక్కలని రుజువు చేయలేకపోయాం. వ్యాపారి తన ఎలుగుబంట్లను వెనక్కి తీసుకుపోయాడు. పోతూ నాకు నమస్కారం పెట్టాడు. "మీ పలకలు ఇంకా ఉంటాయా సార్?" అని మర్యాదగా అడిగాడు.

దొరికిన పలకలు కార్యాలయ ఆస్తి. వాటికి నష్టం జరగలేదు. అందువల్ల వాటిని యథాస్థానాల్లో తిరిగి నాటవలసిందిగా పెద్దసారు ఆదేశించారు. మొక్కలు లేవు కదా అని మనవి చేశాను. "మొక్కలు మళ్లీ వస్తాయేమో. వచ్చేసరికి నంబరు సిద్ధంగా ఉండాలి కదా" అన్నారు. పలకలు ఈ ట్యాంకరులో వస్తున్నాయి.

నవంబరు రెండో ఆదివారం ఆయన విలేకరులతో వాలు మీదికి వస్తున్నారు. ఈసారి జీపు దిగుతారు. నన్ను కూడా రమ్మన్నారు. మిగిలిన మొక్క ఏదైనా కనిపిస్తే అక్కడికక్కడే కొత్త పలక కొట్టి ఫోటో తీయించాలని పలక, సుత్తి సిద్ధం చేయించారు. కనిపెట్టినవారికి ప్రశంసాపత్రం.

నేను ఆ వాలు మీద మొదటిసారి అడుగు పెడతాను. కార్యాలయ విషయం కాని ఒక ప్రశ్న ఉంది. నేల మీద నిలబడి అడుగుతాను.

బావ


నవంబరు 16

బావా,

తనిఖీ రోజున మీరు ఎండలో టోపీ కూడా లేకుండా, వంగి వంగి, ప్రతి గుంట దగ్గరా ఆగారు. గులకలో పలక మేకును రెండు వేళ్లతో లాగి చూసి మళ్లీ గుచ్చారు. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా అడిగారు. "ఒక్కటైనా మిగల్లేదురా?"

లేదన్నాను.

మీరు తల ఊపి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి నా చొక్కా జేబుకు ఆనుకుని ఉంది. జేబులో రెండు పువ్వులున్నాయి.

ఇది మీకు చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. వారం గడిచింది. ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం, మీ జీపులు మలుపు తిరుగుతున్న దుమ్ము కనిపిస్తుండగా, ఆఖరిసారి వాలంతా తిరిగాను. పలకల వరసకు బాగా ఎడంగా ఒక చోట తెల్లగా మెరిసింది. అది మనం నంబరు వేయనిది. నేనూ కిందటేడు చూడనిది. కాస్త అవతల ఇంకొకటి. రెండూ అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. ఒకటే ఉండి ఉంటే ఇంత బాధ లేదు. ఒంటరి మొక్క పూసినా గింజ కట్టదు. రెండు కావాలి. రెండున్నాయి. పుప్పొడి పండటానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత ఒక ఈగ అటునుంచి ఇటు ఎగిరితే చాలు, ఒక్కో కాయలో వందల గింజలు.

కప్పెడదామనుకున్నాను. ఉత్త రాళ్ల మధ్య బోర్లించిన గిన్నెను ఎత్తి చూడని మనిషి ఆ గుంపులో ఒక్కడూ ఉండడు. పెద్దసారుకు చెప్పి కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఆయన సుత్తి తెస్తున్నారు. మర్నాటి పేపర్లో ఫోటో వచ్చేది. ఆ పై వారం మేజోళ్లు వచ్చేవి. పువ్వు లేకపోతే అవి రెండు రాళ్లు. పక్కనే నిలబడ్డా ఎవరికీ కనిపించవు.

జీపుల తలుపులు వేసిన చప్పుడు వినిపించింది.

నేను గిల్లేశాను బావా. ముందు పెద్దదాన్ని, తర్వాత రెండోదాన్ని. తొందరలో నా గోరు తగిలి రెండోదాని ఆకు అంచు మీద గీటు పడింది. నీరు ఊరింది. తుడవడానికి కూడా వ్యవధి లేదు, మీరు పైకి వస్తున్నారు.

అవి బతికే ఉన్నాయి. ఎక్కడున్నాయో మీకు చెప్పను. మీరు నన్ను నమ్మని రోజు ఒకటుంది కాబట్టి కాదు. మీకు తెలిస్తే మీరు వాటికి ఏదో ఒక మంచి చేస్తారు.

ఈ ఏడాదికి గింజ లేదు. వాటి కోసం నేను చేయగలిగింది ఇదొక్కటే అయింది.

మీ బావమరిది


నవంబరు 30

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు.

విషయం: నీ ఉత్తరం అందకపోవడం గురించి.

నవంబరు 16వ తేదీతో నువ్వు రాసిన ఉత్తరం నాకు అందలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. అందని ఉత్తరం మీద చర్య తీసుకోవడానికి నిబంధనలేవీ లేవు. రాతిపెదవి వాలు మీద పూర్తిగా అంతరించినట్టు కార్యాలయం ధ్రువీకరించింది. ధ్రువీకరణ మీద నేను సంతకం చేశాను. నా సర్వీసులో తెలిసి చేసిన తప్పుడు సంతకం ఇదొక్కటే. తెలియక చేసినవి లెక్కపెట్టలేదు.

మీ అక్క కూడా ఆ ఉత్తరం చదవలేదు. చదవకుండానే వంటింటి గుమ్మంలో చాలాసేపు కూర్చుంది. తర్వాత, "వాడు మీకు ఎందుకు రాశాడో అర్థమైందా?" అంది. అర్థమైందన్నాను. "అయితే ఈసారన్నా ఏమీ చేయకండి" అంది. చేయకుండా ఉండటం ఎలాగో నాకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ప్రయత్నిస్తున్నాను.

ఒక కార్యాలయ విషయం తెలియజేయవలసి ఉంది. మొన్నటి తనిఖీ పత్రికల్లో బాగా వచ్చినందున దాన్ని ఏటా జరపాలని పెద్దసారు ఉత్తర్వు ఇచ్చారు. తేదీ ప్రతి ఏడాదీ నవంబరు రెండో ఆదివారం. విలేకరులు, విద్యార్థులు, ప్రకృతి ప్రేమికులు పాల్గొంటారు. ముందు వారమంతా శుభ్రం చేసే మనుషులు వాలు మీదే మకాం ఉంటారు. తేదీని మార్చమని మూడుసార్లు రాశాను. ఎండ అన్నాను, చలి అన్నాను, రోడ్డు బాగాలేదన్నాను. సరైన కారణం చెప్పమన్నారు. సరైన కారణం ఒకటే ఉంది. దాన్ని చెప్పలేను.

నా పదవీ విరమణకు ఇంకా ఆరేళ్లుంది. పెద్దసారు నాకంటే చిన్నవారు.

కాబట్టి వచ్చే నవంబరులో కూడా, ఆ గుంపు రాకముందే, నువ్వు వాలంతా తిరిగి చూడవలసి ఉంటుంది. ఆ తర్వాతి నవంబరులో కూడా.

ముందు రోజు గోళ్లు కత్తిరించుకో. ఆకుకు తగలకుండా చూడు.

బావ